శునశ్శేపోపాఖ్యానము: కన్నతండ్రి వివాదము, దత్తతధర్మము

ఆంధ్రశబ్దమునకు వాఙ్మయమున లభించు ప్రాచీనప్రయోగము ఐతరేయ బ్రాహ్మణమున నున్నదని మన సాహిత్యచరిత్ర గ్రంథములు చెప్పుచున్నవి. విద్యార్థులు ఆ మాటను కంఠస్థము చేయుదురు, పరీక్షలలో వ్రాయుదురు. విశ్వామిత్రుని శాపమునకు గురియైన కుమారుల సంతతిగా ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అను జాతులు అచట పేర్కొనబడినవని మనమందరము ఎరుగుదుము. కాని ఆ శాపమెందులకు కలిగెనో, ఆ కుమారులు చేసిన నేరమేమో విచారించువారు అరుదు. వారి నేరమొక్కటియే: తండ్రి తెచ్చుకొన్న కుమారుని తమకు అన్నగా అంగీకరింపకపోవుట. అనగా మన జాతినామము మొదట వినవచ్చునది ఒక దత్తతవివాదమున. అదియు సామాన్యవివాదము గాదు. కుమారుని విడిచిన కన్నతండ్రి తిరిగివచ్చి, ఆ కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొన్న మరొక తండ్రి యెదుట నిలిచి, తన బిడ్డను తనకిమ్మని అడిగిన వివాదమది.

ఈ వ్యాసమున ఆ ఉపాఖ్యానమును దత్తతధర్మదృష్టితో పరిశీలింపదలచితిమి. మా యెదుట మూడు ప్రశ్నలు కలవు. ఇచ్చిన తండ్రికి తిరిగి అడుగు హక్కు కలదా? అసలు ఇచ్చుట యనగా నేమి? ఇరువురు తండ్రుల నడుమ నిలిచిన బిడ్డ మాటకు ఎంత విలువ? ఈ ప్రశ్నలు వేదకాలముతో ముగిసిపోలేదు. నేటికిని న్యాయస్థానములలో అవి వినబడుచునే యున్నవి.

కథాసంగ్రహము

తెలుగువారికి చిరపరిచితుడైన హరిశ్చంద్రుడు సత్యము కొరకు ఆలిని, బిడ్డను అమ్ముకొన్నవాడు. గౌరన ద్విపదకావ్యము మొదలు బలిజేపల్లి లక్ష్మీకాంతము నాటకము వరకు మనము చూచినది అతనినే. ఐతరేయ బ్రాహ్మణములోని హరిశ్చంద్రుడు వేరు. అతని యింట అమ్ముడుపోయినది అతని బిడ్డ కాదు. అతని బిడ్డకు బదులుగా పరుల బిడ్డ కొనబడెను.

ఇక్ష్వాకువంశీయుడైన ఆ రాజునకు నూరుగురు భార్యలున్నను సంతానము లేదు. నారదుని యుపదేశముచే అతడు వరుణుని ప్రార్థించి, పుట్టిన కుమారుని వరుణునికే బలి యిత్తునని మాట యిచ్చెను. రోహితుడు పుట్టెను. వరుణుడు వచ్చి అడిగినపుడెల్ల రాజు గడువు కోరెను. పది దినములు నిండవలెననెను, పండ్లు రావలెననెను, వచ్చిన పండ్లు ఊడవలెననెను, ఊడినవి మరల మొలవవలెననెను, పిదప కుమారుడు ఆయుధధారణకు అర్హుడు కావలెననెను. ఆ దినము వచ్చినపుడు రోహితుడు విల్లు చేతబట్టి అడవికి పోయెను. రాజునకు వరుణకోపమున జలోదరవ్యాధి ప్రాప్తించెను.

అడవిలో తిరుగుచు ఆరవయేట రోహితుడు అజీగర్తుడను ఋషిని చూచెను. అతడు ఆంగిరసుడు, సూయవసుని కుమారుడు. ఆకటితో అలమటించుచున్నవాడు. అతనికి శునఃపుచ్ఛుడు, శునశ్శేపుడు, శునోలాంగూలుడు అని ముగ్గురు కొడుకులు. నూరు గోవులిత్తును, ఒక కుమారునిమ్మని రోహితుడు అడిగెను. తండ్రి పెద్దవానిని వెనుకకు లాగుకొనెను. తల్లి చిన్నవానిని పొదివికొనెను. నడిమివాడైన శునశ్శేపుని ఇచ్చుటకు ఇరువురు నంగీకరించిరి. ఎవ్వరును పట్టుకొనని బిడ్డ అమ్ముడుపోయెను. తల్లిదండ్రుల ప్రేమయు లెక్కకు లోబడునని ఇంత క్లుప్తముగా చెప్పిన ఘట్టము ప్రాచీనవాఙ్మయమున మరొకటి కలదో లేదో సందేహమే.

రాజసూయయాగమున విశ్వామిత్రుడు హోత, జమదగ్ని అధ్వర్యుడు, వసిష్ఠుడు బ్రహ్మ, అయాస్యుడు ఉద్గాత. బాలుని యూపమునకు కట్టువాడు దొరకలేదు. మరి నూరు గోవులిచ్చినచో కట్టుదునని అజీగర్తుడే ముందుకు వచ్చెను. వధించువాడు దొరకలేదు. మరి నూరింటికి ఆ పనియు తానే చేయుదునని కత్తి నూరుచు వచ్చెను. అపుడు శునశ్శేపుడు దేవతలను ఒక్కొక్కరినిగా స్తుతించెను. చివరకు ఉషస్సును స్తుతించుచుండగా ఒక్కొక్క ఋక్కుతో బంధములు సడలెను. రాజు ఉదరము తగ్గెను. బాలుడు ముక్తుడయ్యెను, రాజు ఆరోగ్యవంతుడయ్యెను.

ఋగ్వేదము మొదటి మండలములో 24 మొదలు 30 వరకు గల సూక్తములకు శునశ్శేపుడే ద్రష్ట యని సంప్రదాయము. ఆ సూక్తములలో మొదటి ఋక్కు గమనింపదగినది. ఏ దేవుని నామము తలచినచో తనను అదితికి తిరిగి ఇచ్చునో, తన తండ్రిని తల్లిని మరల చూడగల్గుదునో యని అందు ప్రశ్న. బ్రాహ్మణకథలో ఈ ఋక్కు ఏ క్షణమున పలుకబడినదో చూడుడు. తండ్రియే కత్తి నూరుచు వచ్చుచున్నాడు. కట్టుబడిన బిడ్డ నోట తలిదండ్రులను చూడవలెనను కోరికయే మొదట వెలువడినది. వ్యాఖ్యాతలు తండ్రిని, తల్లిని ఎట్లు సమన్వయించినను, కథలో ఆ ఋక్కు నిలిచిన చోటు మాత్రము మనసును కలచివేయునది.

తండ్రి వాదము, కుమారుని సమాధానము

బంధవిముక్తుడైన శునశ్శేపుడు పోయి విశ్వామిత్రుని ఒడిలో కూర్చుండెను. అజీగర్తుడు తన కుమారుని తనకిమ్మని అడిగెను. విశ్వామిత్రుడు కాదనెను, దేవతలు ఇతనిని నాకిచ్చిరనెను. దేవరాతుడను పేరు అట్లు వచ్చినది.

ఇచట అజీగర్తుని వాదమును తేలికగా త్రోసివేయరాదు. నీవు పుట్టుకచే ఆంగిరసుడవు, అజీగర్తుని కుమారుడవు, పితృపితామహుల తంతువును విడువకుము, నాయొద్దకు రమ్ము అని అతడు కుమారునే పిలిచెను. జన్మ, గోత్రము, వంశతంతువు అను మూడును అతని ఆధారములు. జన్మసంబంధము ఏ క్రయముచేతను తెగునది కాదనుట ఆ వాదముయొక్క సారము. శునశ్శేపుడు జన్మను కాదనలేదు. నీ చేతిలో కత్తి చూచితిమి, నాకంటె మూడువందల గోవులను నీవు ఎక్కువగా ఎంచితివి అని మాత్రము చెప్పెను. తండ్రి తాను చేసిన పాపము తనను దహించుచున్నదని పశ్చాత్తాపము తెలిపి, ఆ గోవులను నీకే యిత్తుననెను. ఒకమారు పాపము చేసినవాడు మరల చేయును, నీవు చేసినది సంధింపరానిది అని కుమారుని తుదిమాట.

సంధింపరానిది అను ఆ మాట చెవిని బడగానే విశ్వామిత్రుడు అందుకొనెను. ఇతని కుమారుడవు కావలదు, నా కుమారుడవు కమ్మనెను. అయినను శునశ్శేపుడు వెంటనే ఒప్పుకొనలేదు. ఆంగిరసుడనైన నేను నీకెట్లు కుమారుడనగుదునని అడిగెను. జ్యేష్ఠత్వమును, దైవదాయమును ఇత్తునని విశ్వామిత్రుడనగా, నీ కుమారుల సమక్షమున, వారి సమ్మతితో ఆ మాట చెప్పవలెనని కోరెను. అమ్ముడుపోయినపుడు ఎవ్వరును అడుగని బాలుడు, ఈమారు తానే షరతులు నిర్ణయించుచున్నాడు. ఉపాఖ్యానము గొప్పదనమంతయు ఈ మార్పులో నున్నదని మా అభిప్రాయము.

స్మృతికారుల దృష్టి

ఈ కథను ధర్మశాస్త్రకారులు మరువలేదు; కాని అందరొక్క తీరున చదువలేదు. వసిష్ఠధర్మసూత్రము పుత్రభేదములను చెప్పుచు, కొనబడిన పుత్రునికిని, స్వయముగా వచ్చి చేరిన పుత్రునికిని గూడ శునశ్శేపునే ఉదాహరించినది. ఒక బాలుడే రెండు విధములకు ఉదాహరణ మగుట విశేషము. కొన్నది హరిశ్చంద్రునిపక్షము, స్వయముగా చేరినది విశ్వామిత్రునియొద్దకు. తలిదండ్రులిచ్చిన దత్తకునకు మాత్రము అతడు ఉదాహరణము కాలేదు. కారణము స్పష్టము: అజీగర్తుడు అతనిని కుమారునిగా పెంచుకొనుడని ఎవ్వరికిని ఈయలేదు, చంపుకొనుడని అమ్మెను.

మనువు దత్తకుని నిర్వచించుచు, ఆపత్కాలమున తల్లి గాని తండ్రి గాని ఉదకపూర్వకముగా ప్రీతితో ఇచ్చిన సదృశుడైన కుమారుడనెను. దత్తకుడు జనకుని గోత్రమును, రిక్థమును పొందడని మరొకచోట చెప్పెను. ఆపద లేనిదే ఈయరాదనియు, ఆ నిషేధము ఇచ్చువానికి సంబంధించినదనియు మితాక్షరాకారుడైన విజ్ఞానేశ్వరుడు వివరించెను. ఆ మితాక్షరను ఆధారముగా గొని 13వ శతాబ్దిలోనే మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమును రచించుటచే, ధర్మశాస్త్రవిషయములు తెలుగు పద్యములలో చెప్పు అలవాటు మనకు తిక్కన కాలమునాటినుండియు కలదు.

అయితే అదే మనుస్మృతి ఆపద్ధర్మప్రకరణమున అజీగర్తుని పేర్కొని, ఆకలిచే కుమారుని వధింపబోయియు అతడు పాపలిప్తుడు కాలేదనుచున్నది. కుమారుడు క్షమింపని తండ్రిని స్మృతి క్షమించినది. ఇందు వైరుధ్యము లేదు. ఆకలి మానవునిచే ఎంతపని చేయించునో స్మృతి ఎరుగును. అందుచే శిక్ష లేదనెను. కాని శిక్ష లేకుండుట వేరు. వదలుకొన్న హక్కు తిరిగి వచ్చుట వేరు. ఈ భేదమును గుర్తింపనిచో పేదరికమువలన బిడ్డను వదలిన తండ్రిని దుర్మార్గునిగా నెంచుటయో, లేక అతని కన్నీటిని చూచి పెంచినవారి బిడ్డను లాగి యిచ్చుటయో జరుగును. రెండును అన్యాయములే.

తెలుగు పలుకుబడి

తెలుగులో దత్తత చుట్టును అల్లుకొన్న క్రియలు పరిశీలింపదగినవి. కన్నవారు దత్తు ఇత్తురు. పెంచువారు దత్తు తెచ్చుకొందురు. బిడ్డ దత్తు పోవును. ఇచ్చుట, తెచ్చుకొనుట, పోవుట అను మూడు క్రియలకు ముగ్గురు కర్తలు. ఆడపిల్లను అత్తవారింటికి ఇచ్చుటయందును ఇవియే క్రియలు. ఇచ్చిన సొమ్ము తిరిగి అడుగవచ్చును. ఇచ్చిన పిల్లను మాత్రము తిరిగి అడుగుటను మన భాష సహింపదు. పెంపుడు కొడుకు అనునది వేరు. పెంపకమున అన్నము, ఆదరము కలవు గాని గోత్రము మారవలెనని లేదు. వ్యవహారమున ఈ రెండును ఒకటిగా పలుకబడుటచే, న్యాయస్థానములలో చిక్కులు వచ్చుట కలదు. పెంపకమునకు మాత్రమే ఇచ్చితినని కన్నతండ్రియు, దత్తతకే ఇచ్చితివని పెంచిన తండ్రియు వాదించినపుడు, వివాదమంతయు ఒక తెలుగు మాట అర్థముపై నిలుచును.

ఇల్లటము మరియొక తీరు. కొడుకులు లేని యింట అల్లునికి కొడుకుతో సమానమైన స్థానమిచ్చు ఈ ఆచారము తెలుగునాట కాపు, రెడ్డి కుటుంబములలో ప్రసిద్ధము, న్యాయస్థానములును అంగీకరించినవి. ఇల్లటపుటల్లునికి మామగారి యింట భాగము వచ్చినను పుట్టినింటి భాగము పోదు. దత్తునకు అట్లు కాదు. పుట్టినింటి తలుపు మూసికొనుటయే దత్తతకు ప్రాణము.

న్యాయస్థానములు, శాసనములు

ఏకపుత్రుని దత్తత ఈయరాదని వసిష్ఠాదులు చెప్పిరి. తెలుగు కుటుంబమునకు చెందిన బలుసు గురులింగస్వామి, బలుసు రామలక్ష్మమ్మల వ్యాజ్యము మదరాసునుండి ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. ఆ నిషేధము ధర్మోపదేశమే గాని జరిగిన దత్తతను రద్దుచేయు శాసనము కాదని 1899లో తీర్పు వచ్చెను. ఈయకుండవలసినది అని చెప్పుట వేరు, ఇచ్చినది చెల్లదనుట వేరు అను న్యాయము దానితో స్థిరపడెను.

ఇచ్చుటకు రూపమేమి? 1961లో సుప్రీంకోర్టు పక్షమున, రాజమహేంద్రవరమున జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఒక తీర్పులో దీనిని విశదపరచిరి. బిడ్డను ఒక కుటుంబమునుండి మరొక కుటుంబమునకు మార్చు ఉద్దేశముతో ఇచ్చుట, పుచ్చుకొనుట అను క్రియ జరుగనిదే దత్తత లేదని ఆ తీర్పు సారాంశము. ఎంతకాలము పెంచినను, ఎంత ప్రేమించినను, ఆ క్రియ లేనిచో న్యాయదృష్టిలో దత్తత లేదు.

1956 డిసెంబరు 21న అమలునకు వచ్చిన హిందూ దత్తత, పోషణ చట్టము ఈ సూత్రమునే గ్రహించెను. దత్తహోమము తప్పనిసరి కాదు. ఇచ్చుట, పుచ్చుకొనుట తప్పనిసరి. బిడ్డను ఈయగలవారు తండ్రి, తల్లి, సంరక్షకుడు మాత్రమే. తొలుత తండ్రికి ప్రాధాన్యమిచ్చి, తల్లి సమ్మతి కావలెననిరి; 2010 సవరణతో తల్లిదండ్రులిరువురికి సమానహక్కు కలిగెను. సన్న్యాసము, మతాంతరము, న్యాయస్థానము ప్రకటించిన మతిభ్రమణము అనువానిలో ఏదియు లేనిచో ఒకరి సమ్మతి లేక మరొకరు ఈయరాదు. బిడ్డకు బదులుగా ధనము పుచ్చుకొనుట, ఇచ్చుట 17వ సెక్షను ప్రకారము నేరము. నేటి చట్టమున అజీగర్తుని మూడువందల గోవులు చెల్లవు.

కన్నతండ్రి వ్యాజ్యమునకు ప్రధానముగా అడ్డు వచ్చునది 15వ సెక్షను. సక్రమముగా జరిగిన దత్తతను దత్తత గొన్నవారు గాని, ఇతరులెవ్వరు గాని రద్దుచేయలేరు. దత్తుడును తిరిగి పుట్టినింటికి పోలేడు. కావున కన్నతండ్రి మనసు మారెనని చెప్పి గెలువజాలడు. అతడు చెప్పవలసినది వేరు: నేను ఈయలేదు, నా సమ్మతి లేదు, సక్రమమైన దత్తతయే జరుగలేదు. ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును సంతకము చేసిన రిజిస్టరు పత్రమున్నచో, విరుద్ధము రుజువగువరకు దత్తత సక్రమమేనని న్యాయస్థానము భావింపవలెనని 16వ సెక్షను చెప్పుచున్నది. పెంచిన తలిదండ్రులకు ఆ కాగితమే కోట. కాగితము వ్రాయించుకొనుట బంధుత్వమునకు అవమానమని తలచి మానినవారు, పిదప సాక్షులను వెదకుకొనవలసివచ్చును.

2015 బాలన్యాయ చట్టము మరొక జాగ్రత్తను చేర్చెను. బిడ్డను పోషింపలేక శిశుసంక్షేమ సమితికి అప్పగించిన తలిదండ్రులకు, తమ నిర్ణయమును పునరాలోచించుకొనుటకు రెండునెలల గడువు కలదు. ఆ గడువు దాటిన పిదపనే బిడ్డను దత్తతకు యోగ్యునిగా ప్రకటింతురు. ఈ పద్ధతిని అనుసరించు దత్తతలకు ఆదేశమిచ్చు అధికారము 2021 సవరణచే న్యాయస్థానములనుండి జిల్లా మేజిస్ట్రేటులకు సంక్రమించి, 2022 సెప్టెంబరు 1 నుండి అమలగుచున్నది. పశ్చాత్తాపమునకు స్థానము ఇచ్చుటకు ముందుండవలెను గాని, ఇచ్చిన పిదప కాదనుటయే ఈ గడువులోని వివేకము. అజీగర్తునికి అట్టి గడువు లభించియుండినచో కథ ఎట్లుండెడిదో!

ఈయని తండ్రి

ఇంతవరకు ఇచ్చిన తండ్రి మాట. అసలు ఈయని తండ్రి సంగతి యేమి? ఇందుకు అమెరికాదేశమున ఇల్లినాయ్ రాష్ట్రములో జరిగిన వ్యాజ్యము తగిన ఉదాహరణము. 1991లో పుట్టిన శిశువును తల్లి నాల్గవ దినముననే దత్తతకు ఇచ్చెను. శిశువు మరణించెనని తండ్రికి చెప్పబడెను. 57వ దినమున నిజమెరిగి తండ్రి వ్యాజ్యమునకు దిగెను. క్రింది న్యాయస్థానములు పెంచినవారి పక్షమున నిలిచినను, 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దత్తత చెల్లదనెను. 1995లో, నాలుగేండ్లు నిండిన ఆ బాలుడు తానెరిగిన ఒకే యింటినుండి తానెరుగని తండ్రియొద్దకు చేర్చబడెను.

ఇచట తండ్రి అజీగర్తుడు కాడు. గోవులు పుచ్చుకొనలేదు, కత్తి పట్టలేదు, మోసపోయినవాడు. పెంచినవారును ప్రేమతో పెంచినవారే. కాని వ్యాజ్యము నడచిన ఏండ్లలో బిడ్డ పెరిగెను. ఆలస్యమువలన నష్టపోయినవాడు ఇరువురు తండ్రులలో ఎవ్వడును గాడు, బాలుడు. 1983లో అమెరికా సుప్రీంకోర్టు, న్యూయార్కునుండి వచ్చిన మరొక వ్యాజ్యమున, జన్మసంబంధము తండ్రికి ఒక అవకాశమునిచ్చును, ఆ అవకాశమును గైకొని బాధ్యత వహించిననే అది హక్కుగా పరిణమించునను భావమును ప్రకటించెను. శునశ్శేపుడు తండ్రికి చెప్పిన సమాధానమునకు ఇది ఆధునిక వ్యాఖ్యానమువలె నున్నది. జన్మను ఎవ్వరును కాదనరు. జన్మ తరువాత ఏమి చేసితివని అడుగుదురు.

అయినను ఆధునికన్యాయము శునశ్శేపోపాఖ్యానమునకు వెనుకబడిన విషయమొకటి కలదు. 1956 చట్టమున సంరక్షకుడు బిడ్డను ఇచ్చునపుడు మాత్రము, న్యాయస్థానము వయసును వివేకమును బట్టి బిడ్డ కోరికను విచారింపవలెనని యున్నది. తలిదండ్రులే ఇచ్చునపుడు ఆ చట్టము బిడ్డను అడుగుమనలేదు. శునశ్శేపుడు మాత్రము తన మాట తాను చెప్పెను. ఇరువురు తండ్రులును విని తీరిరి.

ఏబదిమంది అన్నలు

ఇక ఆంధ్రశబ్దమునకు వత్తము. విశ్వామిత్రునకు నూటొక్కరు కుమారులు. నడిమివాడైన మధుచ్ఛందునికంటె పెద్దలు ఏబదిమంది. వారు దేవరాతుని జ్యేష్ఠత్వమును మెచ్చలేదు. వారి సంతతి దేశపుటంచులకు పోవునని తండ్రి శపించెను. ఆంధ్రాదులు వారేనని బ్రాహ్మణము చెప్పెను. మధుచ్ఛందుడును, అతని తరువాతి ఏబదిమందియు దేవరాతుని ముందుంచుకొని నడువ సమ్మతించి దీవెనలు పొందిరి. దేవరాతునకు రెండు దాయములు లభించెను: జహ్నువంశపు ఆధిపత్యము, గాథివంశపు దైవవేదము. రెండును విశ్వామిత్రుని పూర్వులవే. అజీగర్తునినుండి వచ్చినదేదియు అందు లేదు. విశ్వామిత్రగణమున చేరిన గోత్రముల ప్రవరలలో దేవరాతుని పేరు నేటికిని వినబడుచున్నది.

ఈ శాపకథ మన జాతి పుట్టుకకు చరిత్రప్రమాణము కాదు. ఆర్యావర్తపు సరిహద్దులకు ఆవల నున్న జాతులను తమ కథలలో ఇముడ్చుకొనుటకు వైదికులు చేసిన కల్పనగా విమర్శకులు దానిని గ్రహింతురు. మేమును అట్లే గ్రహించుచున్నాము. కాని కథ చెప్పు ధర్మము వేరుగా నిలుచును. దత్తత ఇరువురు తండ్రుల నడుమ ముగియు వ్యవహారము కాదు. ఇంట ముందే యున్న బిడ్డలు వచ్చినవానిని అన్న యని పిలిచిననాడే అది పూర్తియగును. తీర్పు తండ్రిని నిర్ణయింపవచ్చును. తోబుట్టువులను మాత్రము నిర్ణయింపజాలదు.

మన తరగతులలో ఆంధ్రశబ్దప్రాచీనతను బోధించునపుడు ఆ ఒక్క పదమును మాత్రము ఏరి చూపుట పరిపాటి యైనది. ఆ పదమునకు ముందున్న బాలునిగూడ విద్యార్థులకు చూపవలెనని మా విన్నపము. తల్లియు తండ్రియు పట్టుకొనక విడిచిన ఆ నడిమివాడు, పరాయివాని ఒడిలో కూర్చుండి, అచటి అన్నదమ్ములు తన్ను ఒప్పుకొందురా యని అడిగినపుడు, ఒప్పుకొననివారి జాబితాలో మన పేరు వ్రాయబడినది.